మార్పుకు బెదిరే శిశువు

బడిలో గంట మోగింది. లెక్కల తరగతి ముగిసింది; తెలుగు తరగతి మొదలు కావాలి. తెలుగు పంతులుగారు ఆనాడు సెలవు పెట్టారు. ఆయనకు బదులు డ్రిల్లు మాస్టరు వచ్చి పిల్లలనందరినీ మైదానానికి పదమన్నాడు. నలభైమంది పిల్లల్లో ముప్పైతొమ్మిదిమందికి ఇది పండుగ. నలభయ్యవ పిల్లవాడు మాత్రం చెవులు మూసుకొని, బల్ల కిందికి దూరి, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఇటువంటి దృశ్యం ఏ ఊరి బడిలోనైనా కనిపించవచ్చును.

ఈ పిల్లవానికి కలిగిన కష్టమేమిటి? లోకం చాలాకాలం చెప్పిన సమాధానం మొండితనమని. ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగంలో కొందరు పండితులు అంతకంటె కఠినమైన సమాధానం చెప్పారు. తప్పంతా తల్లిదన్నారు. ఈ రెండు సమాధానాలూ సరికావని తేలడానికి దశాబ్దాలు పట్టింది. ఆలోగా ఎందరో పిల్లల బాల్యం ఆసుపత్రి గోడల మధ్య గడిచిపోయింది. ఎందరో తల్లులు చేయని తప్పుకు తలవంచుకొన్నారు. శాస్త్రం తన పొరపాటును ఎట్లా దిద్దుకొన్నదో, ఆ తెలివి కొన్ని అట్టముక్కల మీది బొమ్మలుగా మారి తరగతి గదిలోకి ఎట్లా వచ్చినదో తెలుసుకోవడం ఉపాధ్యాయులకు ఎంతో ఉపయుక్తం.

కానర్ చూసిన పదకొండుమంది

"ఆటిజం" అనే మాటను వాడుకలోకి తెచ్చినవాడు స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్. 1911లో ప్రచురించిన గ్రంథంలో ఆయన దీనిని వివరించాడు. గ్రీకు భాషలో "ఆటోస్" అంటే "తాను" అని అర్థం. బాహ్యప్రపంచాన్ని విడిచి తనలో తాను మునిగిపోవడానికి ఆయన పెట్టిన పేరు ఇది. తెలుగులో దీనిని స్వలీనత అనవచ్చును. అయితే బ్లాయిలర్ చెప్పినది పెద్దవారికి వచ్చే ఒక మనోవ్యాధి లక్షణాన్ని గూర్చి మాత్రమే. ఆ తరువాత 1925లో మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే వైద్యురాలు ఇటువంటి లక్షణాలున్న ఆరుగురు బాలురను వర్ణించింది. కాని ఆమె రచనకు చాలాకాలం తగిన గుర్తింపు రాలేదు.

లోకం దృష్టిని ఈ పిల్లల వైపు మళ్ళించినవాడు లియో కానర్. ఆయన 1894లో నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో జన్మించాడు. 1924లో అమెరికాకు వలస వెళ్ళాడు. 1930లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మనోవైద్య విభాగాన్ని నెలకొల్పాడు. 1938లో మిసిసిపీ రాష్ట్రం నుండి డోనాల్డ్ అనే ఐదేళ్ళ బాలుని ఆయన వద్దకు తీసుకొని వచ్చారు. తండ్రి అంతకుముందే కుమారుని నడవడిని గూర్చి ముప్పైమూడు పుటల లేఖ వ్రాసి పంపాడు. ఆ బాలునికి అద్భుతమైన జ్ఞాపకశక్తి ఉన్నది. కాని మనుషులు వచ్చినా పోయినా వానికి పట్టదు. పనులు మాత్రం ఎప్పుడూ ఒకే తీరుగా జరగాలి.

ఇటువంటి పిల్లలు పదకొండుమందిని పరిశీలించి కానర్ 1943లో ఒక వ్యాసం ప్రకటించాడు. వారిలో ఎనిమిదిమంది బాలురు, ముగ్గురు బాలికలు. తోటివారితో ఎడబాటు ఒకటి, ఉన్నది ఉన్నట్టే ఉండాలనే ఆతురత ఒకటి - ఈ రెండింటినీ ఆయన ప్రధాన లక్షణాలుగా ఎత్తి చూపాడు. 1956లో సహచరుడు ఐజెన్‌బర్గ్‌తో కలిసి వ్రాసిన మరొక వ్యాసంలోనూ మూలలక్షణాలుగా నిలిపినవి ఈ రెండే.

ఆ ఆతురత ఎంతటిదో ఒక ఉదాహరణ వలన తెలుస్తుంది. ఒక కుటుంబం ఇల్లు మారుతున్నది. కూలీలు తన గదిలోని తివాచీని చుట్టడం చూసి, ఆ ఇంటి పిల్లవాడు భయంతో తల్లడిల్లిపోయాడు. కొత్త ఇంట్లో తన సామాను మునుపటి వరుసలోనే అమర్చి ఉండడం చూసేంతవరకు వాడి కలత తీరలేదు. చూసిన మరుక్షణం ముఖం వికసించింది. ఒక్కొక్క వస్తువు దగ్గరికే పోయి, ప్రేమతో తట్టుతూ గదంతా తిరిగాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ పిల్లవానికి కావలసినది పాత ఇల్లు కాదు, తనకు తెలిసిన అమరిక. అది దొరికితే కొత్త ఇల్లయినా వానికి సమ్మతమే. కానర్ మరొక సంగతి కూడా గుర్తించాడు. ఆ అమరికను అప్పుడప్పుడు పిల్లవాడు తానే చెదపవచ్చును గాని ఇతరులు చెదపరాదు. అనగా మార్పులో వానిని ఎక్కువగా బాధించేది, అది తనకు తెలియకుండా ఇతరుల చేత వచ్చిపడడం. పరిష్కారానికి తాళంచెవి ఈ పరిశీలనలోనే ఉన్నది. కాని దానిని చేతికి తీసుకోవడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది.

పొలం నేర్పిన పాఠం

విచిత్రమేమంటే, సరియైన మార్గాన్ని మొదట చూపినవారు వైద్యులు కారు, ఒక రైతు దంపతులు. 1942లో, తొమ్మిదేళ్ళ వయస్సులో, డోనాల్డును ఊరికి కొన్ని మైళ్ళ దూరంలోని ఒక పొలానికి పంపి, ఆ దంపతుల వద్ద ఉంచారు. కానర్ 1945లో అక్కడికి వెళ్ళి చూసి ఆశ్చర్యపోయాడు. కొలతలంటే పిల్లవానికి పిచ్చి. దానిని మాన్పించడానికి ఆ దంపతులు ప్రయత్నించలేదు. బావి తవ్వించి దాని లోతు ఎంతో చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళను వాడు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుతూ ఉంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. కానర్ చూస్తూ ఉండగానే ఆ బాలుడు గుర్రాన్ని, నాగలిని నేర్పుగా నడుపుతూ ఆరు పొడవాటి సాళ్ళు దున్నాడు.

కానర్ 1971లో తన పదకొండుమందీ ఏమైనారో విచారించి మరొక వ్యాసం వ్రాశాడు. డోనాల్డ్ 1958లో కళాశాల పట్టం పొంది, ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు. రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులలో చేర్చిన పిల్లలకు మాత్రం వచ్చినప్పుడున్న తెలివి కూడా క్రమంగా మరుగున పడిపోయింది. ఆ ఆసుపత్రి ప్రవేశం యావజ్జీవ శిక్షతో సమానమైనదని కానర్ బాధతో అంగీకరించాడు. డోనాల్డ్ తన ఎనభైతొమ్మిదవ ఏట, 2023లో మరణించాడు. తొలి పదకొండుమందిలో అందరి జీవితాలూ ఆయన జీవితం వలె సాగలేదన్న సంగతిని మరువరాదు.

తల్లుల మీద మోపిన నింద

కానర్ 1943 వ్యాసం చివర ఈ స్థితి పుట్టుకతోనే వస్తున్నదని భావించాడు. అదే వ్యాసంలో ఈ పిల్లల తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువగా కనిపించిందని కూడా వ్రాశాడు. ఆ కాలంలో మనోవిశ్లేషణ వాదానికి పలుకుబడి హెచ్చు. అందువలన మొదటి మాటను లోకం మరిచి, రెండవ మాటను పట్టుకొన్నది. మంచుగడ్డ వంటి తల్లి వలన బిడ్డ తనలోకి ముడుచుకొనిపోతుందన్న అభిప్రాయం వ్యాపించింది.

దీనిని గట్టిగా ప్రచారం చేసినవాడు షికాగోలో ప్రత్యేక పాఠశాల నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్. ఆయన స్వయంగా నాజీల నిర్బంధ శిబిరాలలో మగ్గి బయటపడినవాడు. 1967లో వెలువడిన గ్రంథంలో ఆయన ఈ పిల్లల స్థితిని శిబిరాల ఖైదీల స్థితితో పోల్చాడు. ఆ పోలికలో తల్లిదండ్రులు ఏ స్థానంలో నిలబడతారో చెప్పనక్కరలేదు. పిల్లను తల్లిదండ్రుల నుండి వేరుచేయడమే చికిత్స అయింది. మార్పుకు బెదిరే శిశువును ఇంటినుండే పెకలించడం కంటె పెద్ద మార్పు ఏమున్నది? ఆనాడు ఆ ప్రశ్న వేసినవారు కొద్దిమంది.

మొదట ఎదురు నిలిచినవారిలో బెర్నార్డ్ రిమ్లాండ్ ముఖ్యుడు. ఆయన అమెరికా నౌకాదళంలో మనస్తత్వవేత్త. ఆయన కుమారునికి స్వలీనత ఉన్నది. దొరికిన పరిశోధనలన్నీ చదివి, తల్లి పెంపకం దీనికి కారణమనడానికి ఆధారం లేదని, మూలం మెదడులోనే వెదకాలని 1964లో గ్రంథం వ్రాశాడు. దానికి పీఠిక వ్రాసినవాడు కానరే. 1969లో తల్లిదండ్రుల సభలో కానర్ వారిని నిర్దోషులుగా బహిరంగంగా ప్రకటించాడు.

వాదం వేరు, సాక్ష్యం వేరు. సాక్ష్యం 1977లో వచ్చింది. సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ బ్రిటన్‌లో 21 జతల కవలలను పరిశీలించారు. ప్రతి జతలోనూ కనీసం ఒకరికి స్వలీనత ఉన్నది. ఒకే అండం నుండి పుట్టిన సమరూప కవలలు 11 జతలు. వాటిలో 4 జతలలో ఇద్దరికీ ఈ స్థితి కనిపించింది. వేరువేరు అండాల నుండి పుట్టిన కవలలు 10 జతలు. వాటిలో ఒక్క జతలోనైనా ఇద్దరికీ కనిపించలేదు. రెండు రకాల కవలలూ ఒకే తల్లి ఒడిలో పెరిగినవారే. పెంపకమే కారణమైతే రెండు వర్గాల మధ్య ఇంత తేడా ఉండరాదు. జన్యువుల పాత్రను సూచించిన ఈ ఫలితాన్ని తరువాతి పరిశోధనలు మరింత బలపరిచాయి.

శిక్షతో మార్చవచ్చునా?

నింద తల్లులను బాధిస్తూ ఉండగా, మరొకచోట శిక్ష పిల్లలను బాధించింది. 1960లలో లాస్ ఏంజెలిస్‌లో ఐవార్ లోవాస్ ఈ పిల్లల నడవడిని బహుమతులతోను, శిక్షలతోను మార్చడానికి పూనుకొన్నాడు. శిక్షలలో చెంపదెబ్బలు, విద్యుదాఘాతాలు కూడా ఉండేవి. బహుమతి ద్వారా నేర్పే పద్ధతి నేటికీ అనేక రూపాలలో నిలిచి ఉన్నది. నొప్పి ద్వారా నేర్పే పద్ధతి తీవ్రమైన విమర్శకు గురి అయింది. భయం వలన ఏడ్చేవానిని మరింత భయపెట్టితే ఏడుపు ఆగవచ్చును, భయం ఆగదు.

చాపెల్ హిల్‌లోని బొమ్మల పట్టిక

మూడవ మార్గాన్ని కనుగొన్నవాడు ఎరిక్ షాప్లర్. ఆయన 1927లో జర్మనీలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. నాజీల బారి నుండి తప్పించుకొని ఆ కుటుంబం 1938లో అమెరికా చేరింది. షాప్లర్ చదివినది షికాగోలోనే. బెటెల్‌హైమ్ అభిప్రాయాలు ఆయనకు దగ్గరగా తెలుసు. అవి తప్పని కూడా అనిపించింది. ఉత్తర కరొలైనాలోని చాపెల్ హిల్ విశ్వవిద్యాలయంలో చేరి, రాబర్ట్ రైక్లర్‌తో కలిసి 1966 నుండి కొత్త ప్రయోగం ప్రారంభించాడు. అందులో తల్లిదండ్రులు దోషులు కారు, సహ ఉపాధ్యాయులు. ఒకవైపు నుండి మాత్రమే కనిపించే అద్దం వెనుక కూర్చొని, బిడ్డకు ఎట్లా నేర్పుతున్నారో వారు చూసేవారు. తరువాత ఇంటివద్ద తామే నేర్పేవారు.

స్వేచ్ఛగా వదిలివేస్తే పిల్లల మనస్సు దానంతట అదే వికసిస్తుందని ఆనాటి ప్రబలమైన నమ్మకం. షాప్లర్ బృందం దీనిని పరీక్షకు పెట్టింది. అవే పిల్లలను కొంతకాలం క్రమబద్ధమైన బోధనలోను, కొంతకాలం క్రమం లేని బోధనలోను మార్చి మార్చి ఉంచి పోల్చింది. 1971లో ప్రకటించిన ఫలితం ప్రకారం క్రమబద్ధమైన వాతావరణంలో పిల్లల శ్రద్ధ, ప్రవర్తన మెరుగుగా ఉన్నాయి. ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలకు క్రమం అవసరం మరింత ఎక్కువ. బ్రిటన్‌లో బార్టాక్, రట్టర్ మూడు విద్యాకేంద్రాలను పోల్చి 1973లో ఇటువంటి నిర్ణయానికే వచ్చారు. అంతకు ముందే, 1972లో, ఉత్తర కరొలైనా శాసనసభ షాప్లర్ పథకాన్ని రాష్ట్రమంతటికీ విస్తరింపజేసింది. దానికి "టీచ్" అని పేరు.

ఈ పథకంలో ముఖ్యమైన సాధనం బొమ్మల కాలపట్టిక. ఆనాడు జరగవలసిన పనులను బొమ్మలుగా గీసి వరుసగా అంటిస్తారు. పని పూర్తి కాగానే పిల్లవాడు ఆ బొమ్మను తీసి ఒక పెట్టెలో వేస్తాడు. తరువాతి బొమ్మ చూసి తరువాతి పనికి పోతాడు. ఇంతే. కాని ఈ చిన్న సాధనంలో రెండు లోతైన సూత్రాలు ఇమిడి ఉన్నాయి.

మాట గాలిలో కలిసిపోతుంది, బొమ్మ కళ్ళ ముందు నిలుస్తుంది. ఇది మొదటి సూత్రం. మాటలను వెంటనే గ్రహించలేని పిల్లవాడు బొమ్మను ఎన్నిసార్లయినా చూసుకోవచ్చును. రెండవ సూత్రం మరింత సూక్ష్మమైనది. పిల్లవానికి అలవాటు అయ్యేది పనుల వరుస కాదు, పట్టికను చూసుకోవడం. ఆ అలవాటు స్థిరపడిన తరువాత, పట్టికలోని బొమ్మలను మార్చినా వాడు తట్టుకోగలుగుతాడు. ఎందుకంటే పట్టిక మాత్రం మారలేదు! మార్పును తెలిపే వస్తువే వానికి మారని ఆధారమైనది. తివాచీ చుట్టినందుకు ఏడ్చిన పిల్లవాడు కొత్త ఇంట్లో పాత అమరికను చూసి నవ్వడానికి కారణం కూడా ఇదే.

తరువాత ఇతరులు ఈ మార్గాన్ని విస్తరించారు. మిషిగన్ రాష్ట్రంలో కెరొల్ గ్రే అనే ఉపాధ్యాయిని 1991 నుండి చిన్న చిన్న కథల పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. జరగబోయేదానిని, అప్పుడు ఏమి చేయవచ్చునో పిల్లవానికి ముందే కథగా చెప్పడం దీని ఉద్దేశం. 2000లో డెట్మర్, ఆమె సహచరులు ఇద్దరు బాలురపై బొమ్మల సహాయాన్ని పరీక్షించారు. బొమ్మలు ఉన్నప్పుడు, చెప్పిన పనికి కదలడానికి పిల్లలకు పట్టే సమయం తగ్గింది. వాటిని తీసివేయగా పెరిగింది. మళ్ళీ ఇవ్వగా తిరిగి తగ్గింది. పిల్లలు ఇద్దరే అయినా, సాయం ఇవ్వడం, తీయడం, తిరిగి ఇవ్వడం అనే ఈ వరుస వలన ఫలితం యాదృచ్ఛికం కాదని చెప్పడానికి వీలు కలిగింది. విద్యార్థులు ఈ ప్రయోగ పద్ధతిని గుర్తుంచుకోవాలి.

కారణమేమై ఉండవచ్చును?

మన మెదడు క్షణక్షణమూ రాబోయేదానిని ఊహిస్తూ ఉంటుంది. మెట్టు దిగేటప్పుడు పాదం కింది మెట్టును ముందే ఊహిస్తుంది. ఊహ తప్పితే గుండె ఝల్లుమంటుంది. స్వలీనత ఉన్నవారిలో ఈ ఊహించే యంత్రాంగమే భిన్నంగా పనిచేస్తుందా? భారతదేశంలో విద్యనభ్యసించి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధన చేస్తున్న పవన్ సిన్హా, ఆయన సహచరులు 2014లో ఇటువంటి సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఊహించే శక్తి తక్కువైనవారికి లోకం ఎప్పుడూ అకస్మాత్తుగా మీద పడుతున్నట్లే ఉంటుంది. అప్పుడు నిత్యక్రమం వారికి చీకటిలో చేతికి తగిలే గోడ వంటిది. ఇది ఇంకా పరీక్షలో ఉన్న సిద్ధాంతమే గాని తీర్పు కాదు. అయినా మొండితనమనే పాత మాట కంటె ఇది పిల్లవానిని మెరుగుగా అర్థం చేసుకొంటున్నది.

2020లో కోవిడ్ వ్యాధి ఈ సత్యాన్ని పెద్దయెత్తున పరీక్షించింది. బడి, బస్సు, పార్కు - అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. బ్రిటన్‌లో వ్యాయామానికి రోజుకొకసారి మాత్రమే బయటికి పోవచ్చునన్న నియమం ఉండగా, స్వలీనత వంటి స్థితులున్నవారికి అవసరమైతే అంతకంటె ఎక్కువసార్లు వెళ్ళే వెసులుబాటును ఏప్రిల్ నెలలో కల్పించారు. నిత్యక్రమం విలాసం కాదు, అవసరమని ఒక ప్రభుత్వం అంగీకరించినట్లయింది.

మన దేశంలో, మన బడిలో

మన దేశంలో ఈ విషయమై సంస్థాగతమైన కృషి ఆలస్యంగా మొదలైంది. బుద్ధిమాంద్యం గల పిల్లల కొరకు సికిందరాబాదులో 1984లో జాతీయ సంస్థ వెలసింది. ఢిల్లీలో మెరీ బరువా 1991లో "యాక్షన్ ఫర్ ఆటిజం" సంస్థను నెలకొల్పింది. స్వలీనతను గుర్తించడానికి భారతీయ మాపనాన్ని సికిందరాబాదు సంస్థ రూపొందించి 2009లో వెలువరించింది. అందులో 40 అంశాలు ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టడం వాటిలో ఒకటి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం స్వలీనతను తన 21 వైకల్యాలలో చేర్చింది. చట్టం తలుపు తీసింది. లోపలికి చేయిపట్టి తీసుకొని రావలసినది ఉపాధ్యాయుడు.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. పాత అట్టపెట్టె, బొగ్గు లేక రంగు పెన్సిళ్ళు చాలును. ప్రార్థన, లెక్కలు, మధ్యాహ్న భోజనం, ఆటలు, ఇల్లు - వీటి బొమ్మలు గీసి వరుసగా తగిలించవచ్చును. పని మారడానికి ఐదు నిమిషాలు ముందుగా గడియారం ముల్లు చూపి చెప్పాలి. "ముందు ఇది, తరువాత అది" అని రెండు బొమ్మలతో చూపడం చిన్నపిల్లలకు మరింత సులభం. "మార్పు" అనే దానికి ఒక ప్రత్యేకమైన గుర్తు పెట్టాలి. దానిని మొదట సంతోషకరమైన మార్పులకే వాడాలి. ఉదాహరణకు లెక్కలకు బదులు వానికి ఇష్టమైన పాట. గుర్తు అలవాటైన తరువాత చిన్న చిన్న ఇబ్బందికరమైన మార్పులకు వాడవచ్చును. దసరా సెలవులు, పరీక్షల్లో చోటు మారడం, ఇంట్లో పెళ్ళి, గోడలకు సున్నం వేయడం - ఇవన్నీ రేపు జరగబోతూ ఉంటే ఈనాడే బొమ్మలో చూపాలి. అన్నీ మారినప్పుడు ఒకటైనా మారకుండా చూడాలి: అదే సంచి, అదే చోటు, అదే పక్కపిల్లవాడు.

ఎంత జాగ్రత్త పడినా ఒకనాడు పట్టికకు అందని మార్పు వస్తుంది, పిల్లవాడు ఏడుస్తాడు. అప్పుడు ప్రశ్నలు, బుద్ధులు కట్టిపెట్టి, నిశ్శబ్దమైన మూలలో కొంతసేపు కూర్చోనివ్వాలి. పిల్లలందరూ ఒకే తీరుగా ఉండరు. ఒకనికి మేలు చేసిన బొమ్మ మరొకనికి పనిచేయకపోవచ్చును. అందువలన ప్రతి పిల్లవాని విషయంలోనూ ఉపాధ్యాయుడు కొంత పరిశోధకుడు కావాలి: ఏ మార్పుకు బెదిరినాడు, ముందుగా చెప్పినప్పుడు ఎంతసేపటికి తేరుకొన్నాడు అని ఒక పుస్తకంలో వ్రాసుకొంటే రెండు నెలల్లో దారి కనిపిస్తుంది.

పొలంలో సాళ్ళు లెక్కపెట్టే పిల్లవాని చేతికి ఆ దంపతులు నాగలి ఇచ్చారు. లెక్క మానలేదు, పొలం దున్నబడింది. వారు ఏ మనోవిజ్ఞాన గ్రంథం తిరగవేసి ఆ పని చేయలేదు. పిల్లవానిని ప్రతిదినం దగ్గరగా చూసి చేశారు. ఆ చూపు ఏ ఊరి బడికైనా అందుబాటులో ఉన్నదే.